శివమ్మ బావి వాక్యం

శంషాబాద్‌లో పాత హైవే పక్కన, టైర్ల దుకాణానికీ టిఫిన్ సెంటర్‌కీ నడుమ బాలమల్లు ఫ్లెక్సీ షాపు ఉంది. లోపల ఎప్పుడూ రంగుల ఘాటు వాసన. ఆ వాసనలో కూర్చుని మాధవీలత ఏళ్లుగా తెలుగు టైపు చేస్తోంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, సంవత్సరీకాలు. రోడ్డు మీదికి వస్తే ప్రతి కరెంటు స్తంభానికీ ఆమె అక్షరాలే కనిపిస్తాయి. ఈ ఊరి గాలిలో ఊగేవి సగం విమానాల చప్పుళ్లు, సగం ఆమె కట్టిన మాటలు.

"మొహం జర తెల్లగ జెయ్యి చెల్లె, అక్షరం ఎర్రగ జెయ్యి. మిగిలింది దేవుడు చూసుకుంటడు" అంటాడు బాలమల్లు. షాపు ఆయనది. మనిషి మంచివాడు. తప్పు పేరు పడితే మళ్లీ అచ్చేసి ఇస్తాడు. తప్పు మాట పడితే మాత్రం పట్టించుకోడు.

సాయంత్రం ఇంటికి వెళ్లి, బియ్యం కడిగి కుక్కరెక్కించి, మాధవీలత ల్యాప్‌టాప్ తెరుస్తుంది. అక్కడ ఆమెకు ఇంకో ఊరుంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం అది. లక్ష గదుల ఇల్లు. తలుపులకు గొళ్లాలు లేవు. ఆ ఇంట్లో ఆమె పేరు వానతుంపర. మొదట్లో ఊరికే అక్షరదోషాలు దిద్దింది. తర్వాత చెరువుల మీద, పిట్టల మీద చిన్న చిన్న వ్యాసాలు రాసింది. కొన్నాళ్లకు అక్కడివాళ్లు ఆమెను నిర్వాహకురాలిని చేశారు. అంటే చీపురు చేతికిచ్చారు. ఎవరో పిల్లవాడు ఏనుగు వ్యాసంలో "హాయ్ హాయ్" అని రాసి పోతే తుడవాలి. ఒక రాజు ఏ కులంవాడో తేల్చుకోవడానికి ఇద్దరు రాత్రీ పగలూ ఒకరి రాత ఒకరు చెరుపుకుంటుంటే నడుమ నిలబడాలి. అవసరమైతే పేజీకి కొన్నాళ్లు తాళం వేయాలి.

ఆ నడుమ నిలబడటం ఆమెకు బాగా వచ్చు. ఎవరినీ కోప్పడదు. "మీరు చెప్పేది తర్వాత. ముందు అవతలి ఆయన ఏమంటున్నారో మీ మాటల్లో ఒకసారి రాయండి" అని అడుగుతుంది. రాయబోయేసరికి సగం కోపం పొంగు దిగిన పాలలా అడుక్కి వెళ్లిపోతుంది. మిగతా సగానికి ఒకటే ప్రశ్న: దీనికి మూలం ఏది? ఏ పుస్తకంలో ఉంది, ఏ పత్రికలో వచ్చింది? కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆమే ఒక పేజీ రాసి పెట్టింది. అందులో ఒక మాట అందరికీ కంఠతా వచ్చింది. "నాకు తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు అన్నది మూలం కాదు. అచ్చులో ఎక్కడుందో చూపండి."

తమాషా ఏమిటంటే, పొద్దున షాపులో ఏ కుర్రవాడికి "యువ కిశోరం" అని బంగారు రంగు పోసి ఇచ్చేదో, వాడే సాయంత్రం తన మీద తనే ఒక వ్యాసం రాసుకుని వచ్చేవాడు. మూలం లేదని దాన్ని ఆమే తీసేసేది. పొద్దున తొడిగిన కిరీటం సాయంత్రానికి విప్పడం.

"పొద్దుగాల జీతానికి పొగుడుతవు, పొద్దుమీకి ఉత్తగనే తిడ్తవు. నీదేం కొలువే" అని నవ్వేవాడు భర్త రాజశేఖర్, క్యాబ్ తాళాలు వేలికి తిప్పుకుంటూ ఎయిర్‌పోర్టు డ్యూటీకి వెళుతూ.

ఆ లక్ష గదుల్లో ఒక చిన్న గది ఆమెకు ప్రాణం. కుమ్మరికుంట.

కుమ్మరికుంట ఇప్పుడు లేదు. ఎయిర్‌పోర్టుకు భూములు తీసుకున్నప్పుడు ఆ చిన్న పల్లె మొత్తం లేచిపోయింది. జనం తలో దిక్కు సర్దుకున్నారు. కొందరు రావిర్యాల, కొందరు కందుకూరు, కొందరు హిమాయత్ సాగర్ దగ్గర. ఇళ్లున్న చోట ఇప్పుడు విమానాలు దిగుతాయి. చక్రాలు నేలను తాకే క్షణంలో లేచే పొగ చూసినప్పుడల్లా, అది ఎవరి వాకిలి అయి ఉంటుందా అనుకుంటుంది మాధవీలత. ఆమె పుట్టింది ఆ పల్లెలోనే. తల్లీ తండ్రీ పోయాక ఆ పల్లె గురించి చెప్పుకోవడానికి ఇంటి పెద్దల్లో ఆమెకు మిగిలింది తండ్రి అన్న సత్తయ్య ఒక్కడే.

కుమ్మరికుంట మీద ఆమె రాసిన వ్యాసం నాలుగు పేరాలు. మూడో పేరాలో ఒక వాక్యం: "ఊరి మంచినీళ్ల బావిని శివమ్మ తవ్వించింది." దాని పక్కన సన్నటి అక్షరాల్లో "మూలం కావాలి" అన్న గుర్తు. ఆ గుర్తు పెట్టింది కూడా మాధవీలతే. అంతటితో ఆగలేదు. వ్యాసం వెనక చర్చ పేజీ ఉంటుంది, రాసేవాళ్లు మాట్లాడుకునే చోటు. అక్కడ మొదటి రోజే రాసి పెట్టింది: "శివమ్మ మా నాయనమ్మ. అందుకని ఈ వాక్యం మీద ఎప్పుడైనా తగువు వస్తే నేను తీర్పు చెప్పను, చేయి పెట్టను."

నిజాయితీగా ఉండటం ఎంత తేలిక అనిపించిందో ఆ రోజు.

శివమ్మ కుండలు చేసే ఇంటి మనిషి. ఊళ్లో అప్పటికి ఉన్నది పటేల్ గారి బావి ఒక్కటే. తక్కినవాళ్లు గట్టున కడవలు పెట్టుకుని, ఎవరైనా తోడి పోసేదాకా నిలబడాలి. ఒక ఎండాకాలం, కడుపుతో ఉన్న శివమ్మ అలా నిలబడి నిలబడి పడిపోయిందట. లేచాక ఇంటికి వెళ్లి కాళ్ల కడియాలు తీసింది, మేకల్ని సంతకు తోలింది. బావులు తవ్వే వడ్డెర్లను పిలిపించి కుంట పక్కన ఒక చోటు చూపించి తవ్వమంది. సత్తయ్య అప్పుడు చిన్నవాడు. తల్లి వెనక మట్టి మోశాడు. నీళ్లు పడ్డ రోజు ఆమె దోసిలి నింపుకుని తాగలేదట. ముఖం మీద చల్లుకుని ఏడ్చిందట. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకాలు ఆ దారిన రాలేదు.

ఈ ఏడాది ఎండాకాలంలో నవీన్‌కుమార్ షాపుకు వచ్చాడు. కందుకూరు దిక్కు ప్లాట్ల వెంచర్ నడుపుతాడు. కుమ్మరికుంట అనంతయ్య పటేల్ మనవడు. తాత పేరు మీద బస్టాండు దగ్గర చలివేంద్రం పెడుతున్నాడు. రెండు కుండలు, ఒక పందిరి, పెద్ద ఫ్లెక్సీ.

"అక్కా, రాస్కో. కుమ్మరికుంట మంచినీటి బావి దాత, కీర్తిశేషులు అనంతయ్య పటేల్ గారి జ్ఞాపకార్థం. దాత అన్నది జర పెద్దగ రావాలె."

మాధవీలత వేళ్లు ఆగాయి.

"అన్నా, ఆ బావి శివమ్మ తవ్విచ్చిందని విన్న నేను."

"శివమ్మనా? కుండలోళ్ల శివమ్మ? ఆమె మట్టి మోసిందక్కా. మట్టి మోసినోళ్లు మస్తు మంది. బావి మా తాతదే. మా నానమ్మ పాణం పోయేదాంక గదే చెప్పింది. రాళ్లు గుంజిన ఎడ్లు మావి, మోట మాది."

"ఎడ్లు ఇచ్చిండని నేను గూడ ఇన్న గని..."

"అగో, గదే గదా నేను జెప్పేది!"

అతని ముఖంలో అబద్ధం లేదు. అదే ఆమెను నిలబెట్టేసింది. అతనికీ ఒక నాయనమ్మ ఉంది. ఆ ముసలమ్మ కూడా పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని, జుట్టు నిమురుతూ చెప్పి ఉంటుంది.

బాలమల్లు వెనక నుంచి అందుకున్నాడు. "చెల్లె, మనం కోర్టు పెట్టలె. అక్షరం తప్పుంటే చూడు, గంతే. నవీనన్నకు చాయ్ చెప్పనా?"

శివమ్మ మా నాయనమ్మ అన్న మాట నాలుక దాకా వచ్చి, షాపులో తగువెందుకని వెనక్కి పోయింది. ఆమె టైపు చేసింది. 'దాత' పెద్దది చేస్తే పక్క పదానికి తగులుతోందని, 'బావి'కీ దానికీ నడుమ కాస్త ఎడం పెట్టింది. పని కదా, చేయి దాని అలవాటున అది చక్కగా చేసుకుపోయింది.

వాన మొదలైన వారంలో ఒక సాయంత్రం, తను కనిపెట్టుకుని ఉండే వ్యాసాల జాబితాలో కుమ్మరికుంట పేరు పైకి తేలింది. ఎవరో దిద్దారు. తెరిచింది. "ఊరి మంచినీళ్ల బావిని అనంతయ్య పటేల్ తవ్వించారు." పక్కన "మూలం కావాలి" గుర్తు లేదు. దాని చోట నీలిరంగులో మూలం అంకె ఉంది. దిద్దినవారి పేరు "నవీన్ కుమ్మరికుంట".

అంకె మీద నొక్కింది. ఒక పత్రిక జిల్లా పేజీ తెరుచుకుంది. చలివేంద్రం ప్రారంభించిన వార్త. కుమ్మరికుంట బావి దాత అనంతయ్య పటేల్ అని రాసి ఉంది, ఫ్లెక్సీ మీద ఉన్నట్టే, ఒక్క మాట మారకుండా. ఫొటోలో నవీన్‌కుమార్ నవ్వుతూ గ్లాసు అందిస్తున్నాడు. అతని తల వెనక ఎర్రటి అక్షరాలు. 'బావి'కీ 'దాత'కీ నడుమ ఆ ఎడం.

తన చేతిరాతలో తనకే ఒక ఉత్తరం వచ్చినట్టు కూర్చుండిపోయింది మాధవీలత. కుక్కర్ కూస్తోంది. ఎన్ని కూతలో లెక్క తప్పింది.

ఒక్క బొత్తాం నొక్కితే పాత వాక్యం తిరిగి వస్తుంది. ఆ బొత్తాం రోజుకు ఎన్నిసార్లు నొక్కుతుందో. ఇవాళ మాత్రం చేయి పెట్టనని తనే రాసుకుంది. చర్చ పేజీలో మాత్రం మాట్లాడవచ్చు. రాసింది. ఈ వార్త ఫ్లెక్సీ చూసి రాసింది, ఫ్లెక్సీ వాళ్లింటి మాట, దయచేసి మిగతా నిర్వాహకులు చూడండి అని.

చూసినవాడు అరుణ్‌కుమార్. ఆయనదీ నిర్వాహక పనే. విశాఖపట్నంలో ఉంటాడు. మాధవీలత ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతు వినలేదు. కానీ పేజీకి తాళం వేయడం, తీయడం ఆమెకు నేర్పింది ఆయనే. గట్టి మనిషి, ధర్మం తప్పడు.

"వానతుంపర గారూ, వార్త ఫ్లెక్సీ చూసి రాశారని మీకెలా తెలిసిందండీ?" అని అడిగాడు.

"ఆ ఫ్లెక్సీ నేనే తయారు చేశాను."

"మీ మాట నేను నమ్ముతాను. కానీ అది మీకు తెలిసిన సంగతి. అచ్చులో ఉన్నది ఇది. పైగా శివమ్మ గారు మీ నాయనమ్మ అని మీరే ప్రకటించారు. ఈ స్థితిలో నేను వేరేగా చేస్తే రేపు ఇంకొకరికి ఏం చెప్పగలం? 'మా ఇంట్లో అందరికీ తెలుసు అన్నది మూలం కాదు' అని మీరు రాసిన మాటే కదండీ."

దాని కింద నవీన్‌కుమార్ కూడా, పైన ఉన్నదేదీ చదవకుండానే, ఒక వాక్యం రాసి పోయాడు. "వానతుంపర గారూ, ఎక్కడో కూర్చుని రాసే మీకు మా ఊరి గురించి ఏమి తెలుసు?"

ఆ ప్రశ్న చదివి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఎటో పోయింది.

తర్వాత కొన్నాళ్లు ఆమె అచ్చు కోసం తిరిగింది. గ్రంథాలయంలో పాత జిల్లా పుస్తకాలు తిరగేసింది. కుమ్మరికుంటకు ఒక్క పంక్తి, చెరువు విస్తీర్ణం. భూములు తీసుకున్నప్పటి కాగితాలు సత్తయ్య కొడుకు దగ్గర ఉన్నాయి. వాటిలో చింతచెట్లు ఉన్నాయి, పశువుల కొట్టాలు ఉన్నాయి, బావి ఉంది. బావి వెనక మనిషి లేదు.

ఒక ఆదివారం పెద్దబాపుకు చెప్పడానికి రావిర్యాల వెళ్లింది. సత్తయ్య అక్కడ ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పడతాడు. ముసలితనం నడుమును వంచింది గానీ పైపు పట్టుకున్న చేయి వణకదు. ఆకుల మీద పడ్డ నీళ్లు ఎండలో చిన్న చిన్న అద్దాల్లా పగులుతున్నాయి. ఆమె చెప్పుకొచ్చింది. ఆయన పైపు ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి మార్చుకుంటూ విన్నాడు.

"అంటే అండ్ల అమ్మ పేరు తీసేసిన్రా?"

"తీసేసిన్రు పెద్దబాపు."

"నువ్వు గండ్ల పెద్ద మనిషివంటివి గదా బిడ్డా."

"మన ఇంటి ముచ్చటల నేను చెయ్యి పెట్టొద్దు. నేనే రాసిచ్చిన."

"గా అరుణ్‌కుమార్‌ది ఏ ఊరు? ఒక్కపాలి కూసోవెట్టి మాట్లాడితే ఒడిసిపోతది."

"వైజాగ్ దిక్కు. నేనెన్నడు చూడలె ఆయనను."

"చూడకుంటనే గిన్ని ముచ్చట్లు పెట్టుకుంటిరా?" సత్తయ్య ఆశ్చర్యంగా నవ్వాడు. పైపు కింద పెట్టి, మోటారు ఆపి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "రాళ్లు వెట్టి పూడ్సిన్రు బావిని. నేను నిలవడి చూసిన. సరే, సర్కారు పని, ఏం జేస్తం. పేరన్న ఉన్నదనుకున్న. కోడలు రేఖ ఫోన్ల తీసి సదివి ఇనిపిస్తే రొండు మెతుకులు ఎక్కువ తినేటోన్ని."

మాధవీలత నేలకేసి చూసింది.

"మనల ఒక్కడు పోతే ఆఫీసుల కానరాడు బిడ్డా" అన్నాడాయన లేస్తూ. "కరెంటు కావాలన్నా రోడ్డు కావాలన్నా గప్పుడు ఊరంత పోయినం. అందరం వేలిముద్ర వెట్టినం. అచ్చింది."

ఆ మాటను ఆమె పాత జ్ఞాపకం అనుకుంది. అది ఆలోచన అని తెలుసుకోలేకపోయింది. బస్సు వేళయిందని లేచింది.

శ్రావణంలో కుమ్మరికుంట వాళ్లు పోచమ్మకు బోనాలు చేస్తారు. ఊరు పోయినా తల్లిని తెచ్చుకున్నారు. ఎయిర్‌పోర్టు ప్రహరీకి ఇవతల, వేపచెట్టు కింద చిన్న గద్దె కట్టుకున్నారు. ఏడాదికి ఆ ఒక్క ఆదివారం చెదిరిన వాళ్లంతా ఒక చోట చేరతారు. మాధవీలత మధ్యాహ్నానికి వస్తానంది. పొద్దున షాపులో బోనాల ఫ్లెక్సీలు ఊపిరి తిరగనివ్వలేదు.

మిషన్ మీద అమ్మవారి ముఖం మెల్లగా దిగుతుండగా ఆమె ఫోను వణికింది. కుమ్మరికుంట వ్యాసం ఎవరో దిద్దారు. మళ్లీ వణికింది. మళ్లీ.

సత్తయ్య కుమ్మరికుంట. బుచ్చమ్మ కుమ్మరికుంట. కవిత కుమ్మరికుంట. అప్పుడే పుట్టిన ఖాతాలు. అందరూ రాసింది ఒకటే మాట: "ఈ బావి శివమ్మ తవ్వించింది. నాకు తెలుసు." ఎవరో తీసేస్తున్నారు, వెంటనే ఇంకొకరు పెడుతున్నారు. ఆమె చిన్నప్పటి గడపలన్నీ ఒక్కొక్కటే తెరుచుకుని, లోపలి నుంచి మనుషులు వచ్చి వరసలో నిలబడుతున్నట్టుంది. ఆ క్షణం గుండె నిండిపోయింది. కానీ ఇది ఏమవుతుందో ఆమెకు తెలుసు.

సత్తయ్య కోడలు రేఖకు ఫోన్ చేసింది. డప్పుల మోత.

"వదినె! చూస్తున్నవా? అందరు నా ఫోన్ కాడ లైన్ కట్టిన్రు. బుచ్చమ్మత్త కండ్లద్దాలు మర్సిపోయిందట, నాతోనే కొట్టిస్తున్నది. 'నాకు తెలుసు' అన్నది మాత్రం నేనే ఒత్తుత అంటున్నది!"

"రేఖా, ఆపుండ్రి. జర నా మాట ఇను, ఆపుండ్రి."

"ఏంది? ఇనవడ్తలేదు, ఇమానం పోతున్నది... మామ నీకు చెప్పొద్దన్నడు వదినె. నువ్వు ఖుష్ కావాలని!"

ఆటో పట్టుకుని వెళ్లేసరికి అంతా అయిపోయింది. విస్తళ్లు వేస్తున్నారు. పసుపు, వేపాకు, పొగ. బుచ్చమ్మ ఎదురొచ్చి ఆమె బుగ్గలు పుణికింది. "నీ నాయనమ్మ పేరు నేను గూడ రాసిన బిడ్డా. బడికి పోకుంటనే రాసిన!" సత్తయ్య కొత్త పంచె కట్టుకుని, ఫోను రెండు చేతుల్లో ప్రసాదంలా పట్టుకుని వచ్చాడు.

"ఇది జర చూడు బిడ్డా. ఎర్రగ ఏందో అచ్చింది. ఒప్పుకున్నరా?"

తెర మీద ఎర్రటి పెట్టె. ఈ ఖాతా నిరోధించబడినది. కారణం: ఒకే వ్యక్తి అనేక మారుపేర్లతో రాయడం.

ఆమె చదివి వినిపించింది. ఎవరికీ అర్థం కాలేదు. కవిత అడిగింది: "ఒక్క మనిషి అంటే ఎవలక్కా?"

"మీరే. అందరు."

బుచ్చమ్మ పకపకా నవ్వింది. "అయితే మంచిదే! ఒక్క విస్తరి ఏసి ఊకోండ్రి, అందరి కడుపు నిండుతది." అందరూ నవ్వారు. సత్తయ్య నవ్వలేదు. ఆయన ఎర్రటి పెట్టెను బొటనవేలితో తుడుస్తున్నాడు, మరకేమో అన్నట్టు.

మర్నాడు అరుణ్‌కుమార్ రాశాడు. పేజీకి తాళం వేశాడు. తాళం వేసినప్పుడు లోపల ఉన్నది అనంతయ్య పటేల్ వాక్యం. "నేను అడగక తప్పదు, వానతుంపర గారూ. ఆ ఖాతాలన్నీ ఒకే ఫోన్ నుంచి వచ్చాయి. అన్నిట్లోనూ ఒకే వాక్యం. మీరు కాదు కదా?"

ఆమె నిజం రాసింది. బోనాలు, వేపచెట్టు, ఒక్క ఫోను, లైను. వాళ్లు వేర్వేరు మనుషులు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవగలను అని రాసింది.

జవాబు రావడానికి ఒక పూట పట్టింది. "నమ్ముతున్నానండీ. చదివి నాకూ మనసు బాగాలేదు. కానీ పిలుపు మీద వచ్చి ఒకే మాట రాసేవాళ్లు ఎంతమందైనా ఒక్కరి కిందే లెక్క. ఆ పద్ధతి మీరూ నేనూ కూర్చుని రాసిందే, గుర్తుందా?"

గుర్తుంది. ఒక సినిమా హీరో అభిమానులు గుంపుగా వచ్చి పేజీని పీకి పందిరేసినప్పుడు రాశారు. మంచి పద్ధతి. ఇప్పటికీ మంచిదే. దాన్ని రాస్తున్నప్పుడు, గుంపు అంటే చెదిరిపోయిన ఒక చిన్న పల్లె కూడా కావచ్చునని ఆమెకు తట్టలేదు. ఏం మార్చాలో ఇప్పుడూ తట్టడం లేదు. ఈ తలుపు తెరిస్తే, వెనకే ఆ హీరో అభిమానులూ లోపలికి వస్తారు. ఎటు తిరిగినా గోడ. ఆ గోడకు సున్నం వేసింది తనే.

వారం తిరిగాక నవీన్‌కుమార్ షాపుకు వచ్చాడు. వెంచర్ ముందు పెట్టడానికి అదే ఫ్లెక్సీ, పెద్ద సైజులో కావాలన్నాడు.

"అక్కా, ఆన్‌లైన్‌ల గూడ ఎక్కింది తెలుసా తాత పేరు? గా వానతుంపర అనేటోడు ఎవడో గని, మస్తు పరేషాన్ చేసిండు."

"నేనే అన్నా వానతుంపర. శివమ్మ మా నాయనమ్మ."

నవీన్‌కుమార్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగింది. దాన్ని బల్ల మీద పెట్టి అన్నాడు: "గప్పుడే చెప్పొద్దా అక్కా." తర్వాత గొంతు తగ్గించి, "మరి మా నానమ్మ అబద్ధం చెప్పిందంటవా?"

"అనను అన్నా. ఆమె ఇంట్ల ఆమె చూసింది చెప్పింది."

అతను ఇబ్బందిగా కదిలాడు. "ఒక పని జేద్దం. ఫ్లెక్సీల కింద మూలకు శివమ్మ పేరు గూడ పెడదం. సహకారం అని. ఏమంటవు?"

మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే ఆమెకు కోపం కూడా రాలేదు. తల అడ్డంగా ఊపి, "ఇది నేను చెయ్యలేనన్నా" అని కుర్చీలోంచి లేచింది. బాలమల్లు ఇద్దరి ముఖాలూ చూశాడు. ఏమీ అడగకుండా వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. "పాత ఫైలు ఉన్నది గదా చెల్లె. సైజు పెంచుడే. నువ్వు జర అవతలికి పోయి చాయ్ తాగు."

టిఫిన్ సెంటర్ ముందు నిలబడి చాయ్ తాగుతుంటే లోపల మిషన్ నడుస్తోంది. అనంతయ్య పటేల్ ముఖం మెల్లగా, చక్కగా, ఎవరి చేయీ అవసరం లేకుండా దిగుతోంది.

మళ్లీ నర్సరీకి వెళ్లినప్పుడు సాయంత్రం కావొస్తోంది. సత్తయ్య మోటారు ఆపేసి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కోసమే దాచుకున్నట్టు ఒక మాట తీశాడు.

"బిడ్డా, వాళ్లు ఫ్లెక్సీ ఏస్తే పేపరోడు రాసిండు. పేపర్ల అచ్చిందని మీరు ఒప్పుకున్నరు. మరి మనం గూడ ఒక ఫ్లెక్సీ ఏద్దం. షాపుల ఉన్నది నువ్వే గదా."

ఆ దారి ఆమె ఎప్పుడో చూసింది. చాయ్ తాగుతూ చూసింది, బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూసింది. శివమ్మ పేరు మీద ఒక చలివేంద్రం, ఎర్రటి అక్షరాలు, ఒక ఫొటో. తర్వాత నీలిరంగు అంకె. ఎక్కడా పట్టుబడదు. ఆ దారి ఎంత సులువో తెలిసినది ఆమెకే.

"ఏస్తే నాయనమ్మ గూడ ఫ్లెక్సీల మనిషే ఐతది పెద్దబాపు" అంది. "రేపు ఎవలన్న నాలెక్కనే వచ్చి, గిది ఫ్లెక్సీ చూసి రాసిన్రు అంటే... నిజం గూడ అబద్ధం లెక్కనే కానొస్తది."

సత్తయ్య ఒప్పుకున్నాడో, అలిసిపోయాడో తెలియలేదు. "ఇగ ఏం లేదా?" అన్నాడు.

ఆమె ఫోను తీసి ఆయన పక్కన కూర్చుంది. ప్రతి పేజీకీ వెనక చరిత్ర అని ఒక చోటు ఉంటుందని, చెరిపేసినవన్నీ అక్కడ అలాగే ఉంటాయని చెప్పింది. ఆయన వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టించింది. తేదీలు, పేర్లు, పొడుగాటి వరస. ఎక్కడో అడుగున ఆమె పేరు. దాని మీద నొక్కించింది. పాత వ్యాసం తెరుచుకుంది, నాలుగు పేరాలతో, మొదటి రోజు ఎలా ఉందో అలా.

"ఉన్నదా?"

"ఉన్నది."

"ఒత్తినోళ్లకు కనవడ్తదా?"

"కనవడ్తది."

"ఎవలొత్తుతరు బిడ్డా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. కళ్లు మూసుకుని, "ఏది, సదువు" అన్నాడు.

ఆమె మూడో పేరా దగ్గర మొదలుపెట్టింది. ఊరి మంచినీళ్ల బావిని, అనేసరికి నెత్తి మీదికి ఒక విమానం వచ్చింది. చక్రాలు చాచుకుని, పొట్ట కనిపించేంత కిందుగా. దాని నీడ మొక్కల మీదుగా, సత్తయ్య తెల్లటి జుట్టు మీదుగా జారి ఎయిర్‌పోర్టు ప్రహరీ వైపు పోయింది. మిగతా వాక్యం చప్పుడులో కలిసిపోయింది.

"ఇనవడలే" అన్నాడు సత్తయ్య. "మళ్ల సదువు."

ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది.